లీగ్ మధ్యలో మానేసినవాళ్ల పాయింట్లు ఏం చేయాలి? మా ఊరి చెస్ క్లబ్‌కి సలహా కావాలి

క్లబ్ కార్యదర్శి, గుంటూరు జిల్లా:

అందరికీ నమస్కారం. మాది చిన్న ఊరు. గ్రంథాలయం మేడ మీద గదిలో ప్రతి ఆదివారం చెస్ ఆడుకుంటాం. బడిపిల్లల దగ్గర్నుంచి రిటైరైనవాళ్ల దాకా ఈసారి లీగ్‌కి పదహారు మంది పేర్లిచ్చారు. బోర్డులు తొమ్మిది ఉన్నాయి కానీ డిజిటల్ గడియారాలు ఐదే.

నిరుడు మొదటిసారి లీగ్ పెట్టాం. పద్నాలుగు మంది, ఒక్కొక్కరికి 13 ఆటలు. ఆరు ఆటలయ్యాక ఒకాయన రావడం మానేశారు. ఆయనతో ఇంకా ఆడని ఏడుగురికీ వాకోవర్ కింద తలా ఒక పాయింటు రాసేశాను. చివరికి మొదటి స్థానానికి 10, రెండో స్థానానికి 9.5 వచ్చాయి. గెలిచిన కుర్రాడికి ఆ వాకోవర్ పాయింటు ఉంది. రెండో స్థానంలో ఉన్న పెద్దాయన మాత్రం మానేసినాయనతో మూడో వారంలోనే ఆడి డ్రా చేసుకున్నారు. "నేను రెండు గంటలు కూర్చుని అర పాయింటు తెచ్చుకున్నాను, ఆడకుండానే అతనికి నిండు పాయింటా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఈ ఏడు ఆయన పేరివ్వలేదు. పిల్లలకు ఓపిగ్గా ఎండ్‌గేమ్ నేర్పేది మా దగ్గర ఆయనొక్కరే.

నా సందేహాలు: మానేసినవాళ్ల ఆటల్ని ఎలా లెక్కేయాలి? పదహారు మందికి షెడ్యూల్ ఎలా వేయాలి? వారం వారం "ఈ ఆదివారం కుదరదు" అనేవాళ్లతో ఎలా నెట్టుకురావాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, కృష్ణా జిల్లా:

బాబూ, పన్నెండేళ్లు మా క్లబ్ లీగ్ నేనే నడిపాను. ముందు నీ మొదటి ప్రశ్న చూద్దాం, అసలు బాధ అక్కడే ఉంది.

అందరూ అందరితో ఆడే పోటీలకు ఫిడే (ప్రపంచ చెస్ సమాఖ్య) పద్ధతి ఒకటుంది. మానేసిన మనిషి తన ఆటల్లో సగం కూడా పూర్తిచేయకపోతే, ఆడిన ఆటల ఫలితాలు పట్టికలో అలాగే ఉంచుతారు కానీ ఎవరి స్థానం లెక్కలోకీ తీసుకోరు. ఆయన మీద గెలిచినవాళ్ల పాయింటూ పోతుంది, ఓడినవాళ్ల నష్టమూ పోతుంది. సగం, లేదా అంతకంటే ఎక్కువ ఆడి మానేస్తే ఫలితాలన్నీ నిలబడతాయి, మిగిలిన ఆటలకు ప్రత్యర్థులకు వాకోవర్ పాయింటు ఇస్తారు.

ఇప్పుడు నీ నిరుటి పట్టిక తియ్యి. 13కి ఆరు అంటే సగం కాలేదు. కాబట్టి కుర్రాడి 10లోంచి వాకోవర్ ఒకటి పోతే 9. పెద్దాయన 9.5లోంచి డ్రా అర పోతే 9. ఇద్దరూ సమానం. వాళ్లిద్దరి మధ్య ఆట ఏమైంది?

క్లబ్ కార్యదర్శి:

మాస్టారూ, ఇప్పుడే నోటుబుక్కు తీసి చూశాను. వాళ్లిద్దరి ఆటలో పెద్దాయనే గెలిచారు. చేతులు చల్లబడ్డాయండి.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:

కంగారుపడకు. సమానమైనప్పుడు దేన్ని చూడాలో మీరు ముందుగా రాసుకోలేదు కదా, కాబట్టి కప్పు ఆయనదేనని ఇప్పుడు తేల్చలేం. కొన్నిచోట్ల ముఖాముఖి ఆట ముందు చూస్తారు. కొన్నిచోట్ల సోనెబార్న్ బర్గర్ ముందు చూస్తారు, అంటే నువ్వు గెలిచినవాళ్ల మొత్తం పాయింట్లకు, డ్రా చేసినవాళ్ల పాయింట్లలో సగం కలపడం. ఏది ముందో మొదటి రౌండుకు ముందే కాగితం మీద ఉండాలి. మీ క్లబ్బుకు నా సలహా: ముందు ముఖాముఖి, తర్వాత సోనెబార్న్ బర్గర్, అప్పటికీ తేలకపోతే రెండు బ్లిట్జ్ ఆటలు, అంటే కొద్ది నిమిషాల్లో ముగిసే వేగం ఆటలు.

కుర్రాడి దగ్గర కప్పు వెనక్కి అడగొద్దు, అతను చేసిన తప్పేమీ లేదు. కానీ పెద్దాయన ఇంటికి వెళ్లు. ఫోను చేయడం కాదు, మనిషివి వెళ్లు. ఈ లెక్క ఆయన ముందు పెట్టి "మీరడిగింది న్యాయమే, నాకు తెలియక తప్పు చేశాను" అని చెప్పు. కొత్త నిబంధనల కాగితం కూడా ఆయన చేతికే మొదట ఇచ్చి చూడమను.

ఇక షెడ్యూల్. పదహారు మందినీ ఒకే గుంపులో వేస్తే 15 వారాలు, 120 ఆటలు. అంతకాలం లాగితే మధ్యలో జారిపోయేవాళ్లు తప్పకుండా ఉంటారు. రెండు డివిజన్లు చెయ్యి, ఎనిమిదేసి మంది. ఒక్కోదానికి ఏడు రౌండ్లు, 28 ఆటలు. ఏడు ఆదివారాల్లో అయిపోతుంది. కింది డివిజన్ ఉదయం తొమ్మిదిన్నరకు, పై డివిజన్ పదకొండున్నరకు పెడితే ఒక్కసారికి నాలుగు బోర్డులే నడుస్తాయి. నాలుగు గడియారాలు సరిపోతాయి, ఐదోది సెల్ అయిపోతే పనికొస్తుంది. సీజన్ చివర పైనుంచి ఇద్దరు కిందికి, కిందినుంచి ఇద్దరు పైకి. కింది డివిజన్లో అయిదో స్థానంలో ఉన్నవాడికి కూడా చివరి ఆదివారం రావడానికి ఒక కారణం ఉండాలి, లీగ్ బతికేది దానిమీదే.

టైము 25 నిమిషాలు, ఎత్తుకు 10 సెకన్లు అదనం. అరవై ఎత్తుల ఆటయితే ఇద్దరికీ కలిపి గంటా పది నిమిషాలు. రెండు గంటల్లో ఆట అయి, తర్వాత మాట్లాడుకోవడానికి కూడా సమయం మిగులుతుంది.

జతలకు బర్గర్ పట్టిక వాడు, ఏ రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో నంబర్లతో ముందే రాసి ఉండే పట్టిక అది. 1 నుంచి 8 దాకా చీటీలు తీయించు. మొదటి రౌండు 1-8, 2-7, 3-6, 4-5. రెండోది 8-5, 6-4, 7-3, 1-2. ముందు రాసిన నంబరుకు తెల్లపావులు. ఏడు రౌండ్లలో 1 నుంచి 4 వరకు వచ్చినవాళ్లకు నాలుగుసార్లు తెల్లపావులు వస్తాయి, మిగతావాళ్లకు మూడుసార్లు. అందుకే నంబర్లు నువ్వు వేయకు, చీటీల్లోనే రానీ. మొత్తం పట్టిక మొదటి రోజే గోడకు అంటించు. ఎవరు ఎప్పుడు ఎవరితో ఆడాలో రెండు నెలల ముందే తెలిస్తే, పెళ్లిళ్లూ ప్రయాణాలూ చూసుకుని ముందే చెబుతారు.

హనుమకొండ నుంచి ఒక ఆటగాడు:

మాస్టారు గారూ, చిన్న సందేహం. స్విస్ పద్ధతిలో, అంటే ప్రతి రౌండులో దాదాపు సమాన పాయింట్లున్నవాళ్లను జత కడుతూ, ఐదారు రౌండ్లు పెడితే ఈ గొడవే ఉండదు కదా? ఎవరైనా మానేస్తే తర్వాతి రౌండు నుంచి జత కట్టరు, అంతే. మా దగ్గర పోటీలన్నీ అట్లనే పెడతారు. ఇంకోటి, 2024 డిసెంబరు ఫిడే రేటింగ్ (ఆటగాడి బలాన్ని చూపే అంకె) జాబితాలో మా గ్రాండ్‌మాస్టర్ అర్జున్ ఇరిగేశి 2800 దాటినప్పటి నుంచి ఇక్కడ ప్రతి పిల్లగాడూ రేటింగ్ గురించే అడుగుతున్నాడు. లీగ్‌కి రేటింగ్ ఉంటే ఎవరూ మానేయరని నా అభిప్రాయం.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:

తమ్ముడూ, ఒక రోజులోనో రెండు రోజుల్లోనో అయిపోయే పోటీకి స్విస్ చాలా బాగుంటుంది. వారానికో రౌండు ఆడే లీగ్‌లో చిక్కేమిటంటే, ఈ రౌండు ఫలితాలన్నీ వస్తేగానీ వచ్చే రౌండు జతలు వేయలేం. ఒక్క ఆట వాయిదాపడినా అందరూ ఆగాలి. అందరూ అందరితో ఆడేదాంట్లో అయితే బుధవారం సాయంత్రం ఇద్దరూ కలుసుకుని ఆడేసుకోవచ్చు.

రేటింగ్ విషయం. ఫిడే రేటింగ్ కావాలంటే రాష్ట్ర సంఘం ద్వారా పోటీని ముందే నమోదు చేయించాలి, అర్హత ఉన్న ఆర్బిటర్ (పోటీ నిర్ణేత) ఉండాలి, రుసుము కట్టాలి, ఆటగాళ్లకు ఫిడే ఐడీలు ఉండాలి. మొదటి రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలు ఆడాలి. 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువ రేటింగ్ లేదు కూడా. ఊరి క్లబ్బు మొదట్లోనే అంత దూరం పోనక్కర్లేదు. క్లబ్ వరకు సొంత రేటింగ్ పెట్టుకోవచ్చు. ఇద్దరి మధ్య 200 తేడా ఉంటే పైవాడి నుంచి ఆటకు 0.76 పాయింటు ఆశించాలి, ఆ సూత్రంతో ఎవరైనా ఇంటర్ పిల్లాడు ఎక్సెల్‌లో చేసిపెడతాడు.

వాయిదాల సంగతి మర్చిపోయాను. మా క్లబ్బులో ఇలా రాసుకున్నాం: శుక్రవారం రాత్రి లోపు చెబితే వాయిదా. రెండు వారాల్లో ఆడేయాలి. ఒక్కొక్కరికి సీజన్‌లో రెండే వాయిదాలు. చివరి రౌండు మాత్రం ఎవరికీ వాయిదా లేదు, అందరూ ఒకేసారి కూర్చోవాలి, లేకపోతే పక్క ఫలితం చూసుకుని డ్రాలు చేసుకుంటారు. చెప్పకుండా రాకపోతే గడియారం నొక్కాక 15 నిమిషాలు చూసి ఆట ఇచ్చేయడమే. కార్తీక మాసంలో ఆదివారాలు వనభోజనాలకు పోతాయి, సంక్రాంతి వారం ఎవరూ రారు. అవి ముందే ఖాళీ వదులు.

ఒక అమ్మ, విజయవాడ:

నమస్తే అండీ. మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాపకు తొమ్మిదేళ్లు. పోయిన వారం మా కాలనీ క్లబ్బులో ఒక పెద్దాయనతో ఆడుతూ కోట కట్టబోయి (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో జరపడం) ముందు ఏనుగును పట్టుకుంది, తర్వాత రాజును. ఆయన "కుదరదు, ఏనుగునే జరపాలి" అన్నారు. జరిపింది, అక్కడి నుంచి ఆట పోయింది. ఇంటికొచ్చి ఏడుపు. ఇది నిజంగా నిబంధనేనా? ఇంత పట్టుదల పిల్లల దగ్గర అవసరమా?

రిటైర్డ్ లెక్కల మాస్టారు:

నిబంధనే అమ్మా. కోట కట్టాలంటే ముందు రాజును ముట్టుకోవాలి. ఏనుగును కావాలని ముట్టుకుని తర్వాత రాజును పట్టుకుంటే, ఆ ఎత్తులో ఆ ఏనుగుతో కోట కట్టే హక్కు పోతుంది, ఏనుగునే జరపాలి. రెండు చేతులూ వాడకూడదు. గడియారం కూడా పావు జరిపిన చేత్తోనే నొక్కాలి. గడిలో వంకరగా ఉన్న పావును సరిచేయాలంటే ముట్టుకోకముందే "సర్దుతున్నాను" అని చెప్పాలి.

ఆయన నిబంధన చెప్పడంలో తప్పులేదు, పాప రేపు జిల్లా పోటీకి వెళ్తే అక్కడా ఇదే చెబుతారు. కానీ ఆట అయ్యాక ఆయన పాప పక్కన కూర్చుని ఎందుకో చూపించి ఉండాల్సింది. మా క్లబ్బులో గట్టిగా పాటించిన ఆనవాయితీ ఒకటుంది: గెలిచినవాళ్లు వెంటనే లేచి వెళ్లకూడదు. పది నిమిషాలు కూర్చుని, ఓడినవాళ్లతో కలిసి ఆట మళ్లీ పేర్చి చూడాలి. ఇలాంటి 25 నిమిషాల రాపిడ్ ఆటలో ఎత్తులు రాయాలన్న నిబంధన లేకపోయినా మేం రాయించేది అందుకే. ఆ కాగితం చూసి "ఇక్కడ గుర్రాన్ని ఇటు తెచ్చి ఉంటే నాకు కష్టమయ్యేది" అని పెద్దవాళ్లు చెబితే, పిల్లలు ఓటమి మరిచిపోయి ఆ గుర్రాన్నే ఇంటికి తీసుకెళ్తారు. పాపను మాన్పించకండమ్మా. కోనేరు హంపి పుట్టింది మన గుడివాడలోనే. 2002లో గ్రాండ్‌మాస్టర్ అయ్యేనాటికి ఆమెకు పదిహేనేళ్లు. పక్కన కూర్చుని నేర్పింది తండ్రి. మీరు కూడా ఒకసారి కూర్చుని రాజు ముందు, ఏనుగు తర్వాత అని ఇరవైసార్లు చేయించండి. వేళ్లకు అలవాటైపోతుంది.

క్లబ్ కార్యదర్శి (పది రోజుల తర్వాత):

మాస్టారూ, మీరన్నట్టే పెద్దాయన ఇంటికి వెళ్లాను. నోటుబుక్కు చూపించి లెక్క చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపల్నుంచి తన స్కోరుషీట్ల కట్ట తెచ్చారు, నిరుటి పదమూడు వారాలవీ వరసగా దారంతో కుట్టి ఉన్నాయి. ఆ మూడో వారం డ్రా తీసి బోర్డు మీద పేర్చి, ఎక్కడ గెలుపు వదులుకున్నారో చూపించారు. కప్పు మాటే ఎత్తలేదు.

నిబంధనల కాగితంలో ఆయన రెండు దిద్దుబాట్లు చేశారు. వాయిదా గడువు రెండు వారాలు కాదు, ఒక వారమే ఉండాలన్నారు. ఆట మొదలయ్యే ముందు ఫోన్లు స్విచాఫ్ చేసి కిటికీ దగ్గర బల్ల మీద పెట్టాలని చేర్చారు. మానేసినవాళ్ల నిబంధనను ఎర్ర పెన్నుతో ఆయనే తిరగరాశారు: మూడు ఆటలు లేదా అంతకంటే తక్కువ ఆడితే లెక్కలోకి రావు, నాలుగు ఆడితే అన్నీ నిలబడతాయి.

నిన్న చీటీలు తీశాం. ఆయనకు 5 వచ్చింది, నాకు 4. మొదటి రౌండులో నేనే ఆయనతో ఆడాలి, తెల్లపావులు నావి.