బెంగళూరులో బి-ఖాతా ఫ్లాట్ కొనొచ్చా?

మాది అనంతపురం. కేఆర్ పురంలో అద్దెకుంటున్నాం. 80 లక్షల ఏ-ఖాతా ఫ్లాట్ ఒకటి నచ్చింది. ఖాతా అంటే కార్పొరేషన్ దగ్గర ఉండే ఆస్తి రికార్డు; అనుమతులన్నీ సక్రమంగా ఉన్నవాటికి ఏ-ఖాతా, లోపాలున్నవాటికి పన్ను కోసం విడిగా రాసుకునేది బి-ఖాతా. ఈఎంఐ ఎలాగో కట్టుకుంటాం, టెన్షనంతా ముందు చేతిలో ఉండాల్సిన డబ్బు గురించే. బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు. మిగిలిన 16 లక్షలు కాక 5 శాతం స్టాంప్ డ్యూటీ, సెస్సు, 2025 ఆగస్టు చివర్లో 1 నుంచి 2 శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ ఫీజు. ఇవేవీ లోన్‌లో రావు. లెక్కేస్తే 22 లక్షల దాకా తేలింది. పొలం అమ్మేద్దామంటున్నారు నాన్న. నాకిష్టం లేదు.

పక్క వీధిలోనే బి-ఖాతా ఫ్లాట్ 60 లక్షలకి వస్తోంది. మేం అడిగిన బ్యాంకు దానికి లోన్ కుదరదంది. ఫైనాన్స్ కంపెనీ ఇస్తానంది గానీ వడ్డీ ఎక్కువ. 'ఈ-ఖాతా వచ్చేసింది సార్' అంటాడు బ్రోకర్, అంటే ఖాతా ఆన్‌లైన్‌లోకి ఎక్కిందని. అంతమాత్రాన బి కాస్తా ఏ అయిపోదు కదా! ఇలాంటిది కొని, తర్వాత అమ్మినవాళ్లెవరైనా ఉంటే ఎలా జరిగిందో చెప్పండి. లాయర్‌కి ఏయే కాగితాలు చూపించాలి?