తువాలు మీద శ్రీ మునిగిపోయింది: ఏ స్టెబిలైజర్ కొనాలి?

తిరుచానూరు అమ్మాయి, ఎడిసన్:

అందరికీ నమస్కారం. పెళ్లయి అమెరికా వచ్చి నాలుగు నెలలయింది. పని అనుమతి ఇంకా రాలేదు కాబట్టి కాలక్షేపానికి ఒక ఎంబ్రాయిడరీ మెషీన్ కొన్నాం. గుడ్డను బిగించే చట్రం, అంటే హూప్, 5 అంగుళాలకు 7. వచ్చే నెల మా ఆడపడుచు కొడుకు నామకరణం. వచ్చినవాళ్లకు ఇవ్వడానికి 40 చేతి తువాళ్ల మీద శ్రీకారం కుట్టి ఇస్తానని గొప్పగా ఒప్పుకున్నాను. మొదటి తువాలు మెషీన్ మీద ఉన్నంతసేపూ ముచ్చటగా ఉంది. హూప్ విప్పి చేత్తో నిమిరేసరికి నూలు ఉచ్చులన్నీ లేచి, శ్రీ సగం కనబడకుండా పోయింది. బాబు టీషర్టు మీద పేరు కుడితే చుట్టూ ముడతలు పడ్డాయి. రెండింటికీ ఊరి నుంచి తెచ్చుకున్న బక్రమే కింద వేశాను. కుట్టేటప్పుడు గుడ్డకు ఆసరాగా వేసే పొరను ఇక్కడ స్టెబిలైజర్ అంటారట, ఆ పేరుతో వెతికితే పది రకాలు కనిపిస్తున్నాయి. ఏది దేనికో దయచేసి చెప్పండి.

చిత్తూరు అక్క, షార్లెట్:

చెల్లీ, ముందు ఆ బక్రం తీసి పెట్టెలో దాచేయి. అది కాలరుకు, జాకెట్టు మెడకు గట్టిదనం ఇవ్వడానికి పుట్టింది. ఉతికినా అట్టలాగే నిలబడుతుంది. పసివాడి గుండె మీద అట్ట ఎందుకు?

నువ్వు చేసిన పొరపాటు ఏమిటో నాకు తెలుసు, ఎందుకంటే నేనూ అదే చేశాను. మా పిన్ని చిత్తూరులో మగ్గం పని చేసేది. గుడ్డను చట్రానికి బిగించి వేలితో మీటేది. డప్పులా మోగితేనే సూది పట్టనిచ్చేది. ఆ చేతివాటంతో నేను ఇక్కడ టీషర్టును హూప్‌లో లాగి బిగించాను. కుట్టినంతసేపూ అద్దంలా ఉంది. హూప్ తీయగానే సాగిన గుడ్డ తన కొలతకు తాను వెనక్కి వెళ్లింది, కుట్టు మాత్రం వెళ్లలేదు. ముడతలు వచ్చేది అక్కడే. మగ్గం మీద బరువంతా చట్రం మోస్తుంది. మెషీన్ కుట్టులో మోయవలసింది కింద వేసే స్టెబిలైజర్. అందుకే డప్పులా బిగించవలసింది దాన్ని. టీషర్టును తాత్కాలికంగా మాత్రమే అంటుకునే రకం జిగురు స్ప్రేతో దాని మీద మెల్లగా అతికించు, చుట్టూ పొడుగు టాకాలు వేయించు, అంతే.

ఇక రకాలు. గుడ్డ మూల పట్టుకుని లాగి చూడు. సాగితే కట్ అవే, అంటే కుట్టు ఉన్నన్నాళ్లూ వెనక ఉండిపోయేది. టీషర్టు ప్రతి ఉతుకులోనూ సాగుతుంది, కాబట్టి ఆసరా కూడా ప్రతి ఉతుకులోనూ ఉండాలి. పసిపిల్లల పల్చటి బట్టకు అందులోనే మెష్ అని మెత్తటి, పారదర్శకమైన రకం దొరుకుతుంది, పైకి అంచు కనిపించదు. కుట్టయ్యాక అక్షరం చుట్టూ పావు అంగుళం వదిలి గుండ్రంగా కత్తిరించు. మూలలు ఉంచితే గుచ్చుకుంటాయి. ఆ పైన ఇస్త్రీతో అతుక్కునే మెత్తటి పొర ఒకటి లోపలివైపు వేస్తే దారాలు పసివాడి ఒంటికి తగలవు.

తువాలు సంగతి వేరు. దానికి కింద ఒకటి, పైన ఒకటి కావాలి. నీకు తక్కువైంది పైన వేసేది. నీళ్లలో కరిగిపోయే సన్నటి ప్లాస్టిక్ లాంటి పొర ఉంటుంది, దాన్ని టాపింగ్ అంటారు. అది ఉచ్చులను అణచి పట్టుకుంటే కుట్టు దాని మీద కూర్చుంటుంది. అయ్యాక చేత్తో చింపేయి. అక్షరాల సందుల్లో మిగిలినదాన్ని గోరుతో పీకకు, దారం లేచిపోతుంది. చింపిన ముక్కలనే ఉండ చుట్టి, కాస్త తడిపి, పైన అద్దు. తడి జిగురుకు మిగిలినవి అంటుకుని వచ్చేస్తాయి.

అయితే ఒక మెలిక ఉంది. ఆ పొర మొదటి ఉతుకులోనే కరిగిపోతుంది. ఆ తర్వాత ఉచ్చులను అణచేది కుట్టు ఒక్కటే. ఇంగ్లీషు అక్షరాలకు ఇది పెద్ద కష్టం కాదు, లావుపాటి గీతలు. మన శ్రీ చూడు: గుడిదీర్ఘం కొస సన్నం, కింద క్రావడి తోక ఇంకా సన్నం. తువాలు మీద ముందు పోయేవి అవే. గీత ఎక్కడా 2 మిల్లీమీటర్లకు తగ్గకుండా లావు చెయ్యి, అక్షరం రెండున్నర అంగుళాల ఎత్తుకు తగ్గకుండా చూడు. ఇంకా భయముంటే అక్షరం కింద తువాలు రంగు దారంతోనే పల్చగా ఒక పరుపు కుట్టు వేయించు, నాక్‌డౌన్ అంటారు. ఉతికినా ఉచ్చులు లేవవు.

తువాలును హూప్‌లో బిగించకు. ఆ గుండ్రటి నొక్కు అంత త్వరగా పోదు. దానికీ అతికించే పద్ధతే.

పుత్తూరు అన్న, డాలస్:

అక్క కింద ఏది వేయాలో చెప్పడం మరిచిపోయింది. టేర్ అవే వేయమ్మా, చింపితే వచ్చేసేది. మామూలు మందం చాలు. కుట్టు మరీ దట్టంగా ఉంటే ఒక మందపాటి దానికన్నా రెండు పల్చటివి మేలు, ఒక్కొక్కటిగా చింపవచ్చు. నేను నగరి, పుత్తూరు మరమగ్గాల చప్పుడులో పెరిగినవాణ్ని, ఇప్పుడు ఇక్కడ గ్యారేజీలో ఆరు సూదుల మెషీన్ నడుపుతున్నాను. వందల తువాళ్లు అలాగే చేశాను.

కొనేటప్పుడు లెక్క తికమకగా ఉంటుంది. మన ఊళ్లో చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని, అంటే జీఎస్ఎమ్‌లో అడుగుతాం, ఇక్కడ చదరపు గజానికి ఇన్ని ఔన్సులని రాస్తారు. ఒక ఔన్సు అంటే సుమారు 34 జీఎస్ఎమ్. టీషర్టుకు రెండున్నర ఔన్సుల కట్ అవే అంటే 85 దగ్గర. మెష్ ఒకటిన్నర ఔన్సు, అంటే 50.

ఎక్కడ కొనాలంటే, ఇదివరకు ఎవరిని అడిగినా గుడ్డలు, కుట్టు సామాను అమ్మే జోయాన్ దుకాణాల పేరు చెప్పేవారు. 2025 మే నెలతో అవన్నీ మూతపడ్డాయి, పాత సలహాలు నమ్మి బయలుదేరకు. కుట్టు మెషీన్ల దుకాణంలోనో ఆన్‌లైన్‌లోనో తీసుకో. మొదట చిన్న చుట్టలే కొను. టాపింగ్‌ను మాత్రం గాలి చొరని సంచిలో దాచాలి. చలికాలంలో హీటరు గాలికి ఎండి అప్పడంలా విరుగుతుంది. మన తిరుపతి వానాకాలంలో అయితే బంకలా అతుక్కుంటుంది.

ఊరి నుంచి ఎవరైనా వస్తుంటే దారం తెప్పించుకో, స్టెబిలైజర్ తెప్పించి 23 కిలోల పెట్టెను నింపకు. మెషీన్ ఇక్కడ కొనడం మంచి పని చేశావు. మనది 230 వోల్టులు, ఇక్కడ 120.

ఇంకొక్క మాట. తువాళ్లు చూసి నలుగురూ మాకూ కుట్టమంటారు. డిపెండెంట్ వీసా మీద ఉన్నావేమో, పని అనుమతి వచ్చేవరకు డబ్బు తీసుకోకు. కానుకగా ఇస్తే ఎవరికీ ఇబ్బంది లేదు.

చిత్తూరు అక్క, షార్లెట్:

తమ్ముడూ, టేర్ అవే చింపాక అక్షరం వెనక తెల్ల పీచు మిగిలిపోతుంది కదా. తువాలు రెండు వైపులా కనబడే వస్తువు. నేను కిందికి కూడా నీళ్లలో కరిగే రకమే వాడతాను, గుడ్డలా ఉండేది. ఖరీదు ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే వెనక పీచు కూడా మిగలదు.

పుత్తూరు అన్న, డాలస్:

40 తువాళ్లకు అది వేస్తే బాబుకు పెట్టే బంగారం కన్నా దానికే ఎక్కువవుతుంది అక్కా. రెండు ఉతుకుల్లో నా పీచూ పోతుంది.

తిరుచానూరు అమ్మాయి, ఎడిసన్:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఇంకొక సందేహం. వదినకు వెంకటగిరి పట్టు జాకెట్టు గుడ్డ మీద చిన్న నెమలి కుట్టాలని ఉంది. దానికీ కరిగే పొర వేయవచ్చా?

చిత్తూరు అక్క, షార్లెట్:

వద్దు తల్లీ! కరిగించాలంటే తడపాలి, పట్టు మీద నీళ్ల మరక పడితే ఎవరికి చెప్పుకుంటావు? వెనకవైపు ఇస్త్రీతో అతికే మెష్ వేయి. ఇస్త్రీ తక్కువ వేడి మీద, మధ్యలో పల్చటి నూలు గుడ్డ పెట్టి. జిగురు స్ప్రే పట్టు దగ్గరకు రానివ్వకు. అన్నిటికన్నా ముందు అంచులో మిగిలే ముక్క మీద కుట్టి చూసుకో. పైపొర నిజంగా అవసరమైతే వేడికి పోయే రకం ఉంది. కానీ పట్టుకు ఉచ్చులు ఉండవు కదా, దాని అవసరం రాదు.

తిరుచానూరు అమ్మాయి, ఎడిసన్ (పది రోజుల తర్వాత):

టాపింగ్ వేసి, గీతలు లావు చేసి, కింద ఒకదానికి అన్న చెప్పినది, ఒకదానికి అక్క చెప్పినది వేసి రెండు తువాళ్లు కుట్టాను. మూడుసార్లు ఉతికాను. గుడిదీర్ఘం నిలబడింది. క్రావడి కొస మాత్రం ఇంకా కాస్త మునుగుతోంది, అక్కడ పరుపు కుట్టు వేస్తాను. టీషర్టు ముడతలు పూర్తిగా పోయాయి. రాత్రి వీడియోలో అమ్మకు రెండు తువాళ్లూ చూపించాను. శ్రీ బాగుందని ఒక్క మాటా అనలేదు. "తిప్పి వెనక చూపించు" అంది. అన్నా, ఏమీ అనుకోవద్దు, అక్క చెప్పినదే తీసుకుంటున్నాను.