అప్‌డేట్: మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ పాత కోబాల్ ప్రోగ్రామ్ సంగతి

చిత్తూరు దగ్గర మా ఫ్యాక్టరీలో కాటా చీట్లు, రైతుల చెల్లింపులు కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన, నల్ల తెర మీద నడిచే ప్రోగ్రామ్‌లో ఉన్నాయి, సర్వర్ మెయింటెనెన్సూ యూజర్ల లెక్కన లైసెన్సూ మోయలేకపోతున్నాం, మొత్తం వెబ్‌లోకి తిరగరాయించాలా అని అడిగాను కదా. తిరగరాయించలేదు.

"ముందు కంపైలర్ మార్చి చూడండి" అన్న సలహానే పట్టుకున్నాం. కంపైలర్ అంటే రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చే సాఫ్ట్‌వేర్. జీఎన్‌యూ కోబాల్ అనే కంపైలర్ ఉచితం, మామూలు లైనక్స్ పీసీ మీద నడుస్తుంది. కోడ్ చాలావరకు అలాగే కంపైలైంది.

అసలు తిప్పలు డేటాతో. రికార్డులు దాచిన పాత ఇండెక్స్ ఫైళ్లను కొత్త కంపైలర్‌తో చేసిన ప్రోగ్రామ్ నేరుగా చదవలేదు. పైగా రూపాయల లెక్కలన్నీ కాంప్-3 అనే కుదించిన రూపంలో ఉన్నాయి, అంటే ఒక్కో బైట్‌లో రెండంకెలు. ఎడిటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులే. అందుకే పాత సర్వర్ మీదే చిన్న ప్రోగ్రామ్ రాసి, ప్రతి రికార్డునూ మామూలు అంకెల్లో బయటికి తీసి, కొత్తదాంట్లో ఎక్కించాం. ఒక్కో రైతు బాకీ రెండు చోట్లా పైసలతో సహా సరిచూశాం. ఈ పని మాత్రం ఎవరూ దాటేయకండి, అది రైతు డబ్బు.

వేరే పీసీ నుంచి ఆ నల్ల తెరను తెరిచే పుట్టీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎఫ్2 నొక్కితే బిల్లు సేవ్ కాలేదు. కీబోర్డ్ సెట్టింగ్‌లో ఫంక్షన్ కీలను ఎక్స్‌టర్మ్ అనే పద్ధతికి మారిస్తే సరిపోయింది.

లైసెన్స్ ఖర్చు పోయింది, పాత సర్వర్ కోసం రాత్రింబవళ్లు నడిచే ఏసీ ఆగింది. తోతాపురి సీజన్‌లో ట్రాక్టర్లు గేటు బయట బారులు తీరినప్పుడు కాటా దగ్గరి అమ్మాయి మౌస్ ముట్టకుండానే చీటీ తీస్తుంది. ఆ వేగం పోనందుకు నాకు చాలా సంతోషం. రిపోర్టులను మాత్రం మెల్లగా పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోకి మారుస్తున్నాం.