భూటాన్ జెండానా, నేపాల్ జెండానా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

నమస్కారమండీ. మేం ఒహాయోలోని కొలంబస్‌లో ఉంటాం. పక్కింటివాళ్లు భూటాన్ నుంచి వచ్చిన లోత్షంపాలు, అంటే నేపాలీ మూలాలున్న దక్షిణ భూటాన్‌వాళ్లు, ఇంట్లో మాట్లాడేది నేపాలీ. వాళ్ల పాప, మా అమ్మాయి ఒకే క్లాసు. వచ్చే వారం స్కూల్లో పిల్లలంతా తమ 'సొంత దేశం' గురించి టేబుల్ పెట్టాలట. మాకైతే జెండా, పులిహోర, అయిపోయింది. చిక్కంతా వాళ్లకే.

తాతగారిది దక్షిణ భూటాన్, యాలకుల తోట ఉండేదట. భూటాన్ 1985 పౌరసత్వ చట్టం 1958 నాటికే అక్కడున్నట్టు రుజువు అడిగింది. 1958 నాటి పన్ను రసీదు ఇప్పటికీ ఆయన దగ్గరుంది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి, ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నారు. అదున్నా 1990ల మొదట్లో ఊరు వదలక తప్పలేదు. పాప తండ్రి పెరిగింది నేపాల్లో, ఝాపా జిల్లా బెల్డాంగి శరణార్థి శిబిరంలో. అక్కడా పౌరసత్వం రాలేదు. పాపేమో ఇక్కడే పుట్టింది.

మొన్న పాప భూటాన్ జెండా మీది డ్రాగన్ గీస్తుంటే తాతగారు లేచి లోపలికెళ్లిపోయారు. కోపమో బాధో నాకు అర్థం కాలేదు.

ఇలాంటి కుటుంబాలతో పరిచయం ఉన్నవాళ్లు చెప్పండి, ఏం పెడితే బాగుంటుంది? ఆ రసీదు జిరాక్స్ పెడదామని తాతగారిని అడగొచ్చా, లేక మరీ చొరవ తీసుకున్నట్టవుతుందా? "ఏం చేయను ఆంటీ" అని పాప రోజూ నన్నే అడుగుతోంది.