ఊక బూడిదతో కరత్సు తెల్ల గ్లేజు: ఎక్కడ తప్పుతున్నది?

ప్రశ్న (హన్మకొండ):
జపాన్ కరత్సు (అక్కడి ఒక ఊరి పేరుతో వచ్చిన కుండల పని) గిన్నెల మీద పాలమీగడ లెక్క ఉండే తెల్ల గ్లేజు (కాల్చితే గాజయ్యే పూత) కావాలె. ఎండు తూకంలో ఫెల్డ్‌స్పార్ (గ్లేజును కరిగించే రాతిపొడి) 40, తుమ్మకట్టె బూడిద 30, రైసుమిల్లు బాయిలర్ ఊక బూడిద 30. ఎలక్ట్రిక్ బట్టీ, 1260 డిగ్రీలు. గ్లేజు ఉండలు కట్టి, మధ్యల మట్టి బయటపడ్డది. పల్చగున్నకాడ తెలుపే లేదు. చెరువుమట్టి గిన్నె అయితే బట్టీ షెల్ఫు మీదనే కుప్పకూలింది.

జవాబు 1:
పాళ్లు బాగనే ఉన్నయి, బూడిదే పచ్చిది. బాయిలర్ బూడిద నల్లగుందంటే బొగ్గు మిగిలినట్టే. అది గుల్ల సరుకు. పూత ఆరేటప్పుడు కుంచించుకపోయి సన్నగ పగుళ్లిస్తది, కరిగేటప్పుడు ఆ పగుళ్ల దగ్గరే ఉండ కడతది. ఆ బూడిదను వెడల్పు మూకుడులో పోసి, గ్లేజు పూయకముందు గిన్నెలను కాల్చే మొదటి కాల్పులోనే దాన్నీ మళ్లొకసారి కాల్చు, తెల్లబడాలె. తర్వాత నీళ్లు పోసి బాల్ మిల్లులో (గుండ్లతో తిరిగి నూరే డబ్బా) నూరి 100 మెష్ (అంగుళానికి వంద కన్నాలు) జల్లెడ పట్టు. ఊక బూడిదల 90 శాతం దాకా సిలికానే (ఇసుకల ఉండే పదార్థం), పొడిగ ముట్టుకుంటే మాస్కు తప్పనిసరి.

తెలుపు వచ్చేదీ ఆ సిలికాతోనే. కరిగిన గాజు రెండుగ విడిపోయి, సన్నటి బొట్లు వెలుగును చెదరగొడతయి. పల్చటి పూతకు ఆ లోతుండదు. సూది గుచ్చి చూడు, పూత 1.5 మిల్లీమీటర్లుండాలె.

తుమ్మ బూడిదను నానబెట్టి రెండు మూడుసార్లు తేట వంచెయ్యి. ఆ నీళ్లు చేతులు కొరుకుతయి, గ్లౌజులు వేసుకో.

జవాబు 2:
చెరువుమట్టిల ఇనుము ఎక్కువ, వెయ్యి డిగ్రీలు దాటితే దానితో కష్టమే. గిన్నెకు ఫైర్‌క్లే (వేడికి ఆగే మట్టి), బాల్‌క్లే (జిగటుండే సన్నమట్టి) కలిపిన స్టోన్‌వేర్ (ఎక్కువ వేడిల గట్టిగ కాలే) మట్టి తీసుకో. చెరువుమట్టిని పారెయ్యకు, అదే నల్ల గ్లేజైతది: మట్టి 60, కడిగిన బూడిద 40తో మొదలుపెట్టు. కింద సగం నలుపు, పైన తెలుపు, మధ్యల వేలెడంత ఒకదానిమీదొకటి. తెలుపు నలుపు మీదికి జారి చారలు పడ్తది. దీన్నే చోసెన్ కరత్సు అంటరు. చోసెన్ అంటే కొరియా. 1592–98ల జపాన్ కొరియా మీద చేసిన దండయాత్రలప్పుడు అక్కడి కుమ్మరులను క్యూషూకు (కరత్సు ఉన్న జపాన్ దీవి) పట్టుకొచ్చిన్రు, కరత్సు పనితనంల వాళ్ల చెయ్యే ఎక్కువ. వాళ్లు వరిగడ్డి బూడిద కూడ వాడిన్రు.

అడుగున ఒక సెంటీమీటరు తుడిచి ఉంచు, లేకుంటే షెల్ఫుకు అతుక్కుంటది. నీలి జీర కావాలంటే గ్యాసు బట్టీల గాలి తగ్గించి కాల్చాలె.

జవాబు 3:
తినే గిన్నె అయితే రాత్రంత నిమ్మచెక్క ఆనించి పెట్టు. పొద్దున ఆ చోట రంగు మారితే గ్లేజు పులుపుకు ఆగదన్నట్టే. ఆ గిన్నెల పులుసు పోయకు, పూలు పెట్టుకో.