ఒటావాలో కార్తీక వనభోజనాలు: ఎవరిది ఏ పని, ఎన్ని గంటలకు

సమన్వయం
అందరికీ నమస్కారం. నవంబర్ మూడో ఆదివారం వనభోజనాలు. లెక్క 120 మంది: పెద్దలు 90, పిల్లలు 30. ఒక్క మాట ముందే చెబుతున్నాను. చలికాలానికి గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. దీపాలు సందెవేళ పెట్టాలి, పెద్దవాళ్లు చీకట్లో మంచు మీద నడవకూడదు. రెండూ కుదరాలంటే అన్ని పనులూ నాలుగున్నర నుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. మొదటి పంక్తి 12:30, రెండోది 1:30, పిల్లల ఆటపాటలు 2:30, కోట్లు తొడుక్కోవడం 4:00, దీపాలు 4:20, అందరూ కార్లెక్కడం 5:15 లోపు. హాల్ ఉదయం 9 నుంచి 6:30 దాకా మనది.

వంట
ఉల్లి, వెల్లుల్లి లేని వంట. బియ్యం మొత్తం 12 కిలోలు: పులిహోరకు 5, తెల్లన్నానికి 5, దద్దోజనానికి 2. పులిహోరకు చింతపండు 600 గ్రాములు, నూనె లీటరు. ముద్దపప్పుకు కందిపప్పు 3 కిలోలు. గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, ఉసిరికాయ పచ్చడి. పరమాన్నానికి నాలుగు లీటర్ల పాల సంచులు రెండు, పై 12 కిలోలు కాక బియ్యం విడిగా కిలో, బెల్లం కిలోన్నర.

పరమాన్నం చేసేవారికి: బెల్లం మరిగే పాలలో వేయొద్దు, విరుగుతాయి. విడిగా కరిగించి, వడకట్టి, చల్లారనిచ్చి, పొయ్యి ఆపిన పావుగంటకు కలపండి.

పెరుగు 12 లీటర్లు, నాలుగిళ్లలో మూడేసి లీటర్లు. ఈ కాలంలో వంటింటి గట్టు మీద పెడితే తెల్లారినా తోడుకోదు. ఓవెన్ వెలిగించకుండా లోపలి లైటు మాత్రం వేసి, గిన్నె అందులో పెట్టండి. తలుపు మీద "లోపల పెరుగు ఉంది" అని కాగితం అంటించండి, పొద్దున్నే ఎవరో ఒకరు చూడకుండా ఓవెన్ వేసేస్తారు.

ప్రశ్న
అక్కా, పులిహోర ముందురోజే కలిపేసి తెస్తే పని తగ్గదా?

వంట
పులుసు ముందురోజు కాచి పెట్టుకోండమ్మా, అన్నం మాత్రం ఆదివారం ఉదయమే. చల్లబడిన అన్నం గింజ బిరుసెక్కుతుంది, మళ్లీ వేడి చేస్తే పైన ఎండి అడుగున ముద్దవుతుంది. వేడిమీద కలిపి, అల్యూమినియం ట్రేలలో సర్ది, మూత బిగించి, ఐస్‌బాక్స్‌లో పెట్టండి. ఐస్ లేకుండా, పాత తువ్వాళ్లు చుట్టూ కుక్కితే అదే పెట్టె వేడిని కూడా పట్టి ఉంచుతుంది. ట్రే కింద బేకింగ్ షీట్ తప్పనిసరి, నిండు ట్రేను రెండు చేతులతో ఎత్తితే మధ్యలో వంగిపోతుంది. వేడి పదార్థాలు కారు లోపల సీట్ల దగ్గర, పెరుగు డిక్కీలో. వేడివి 60 డిగ్రీల పైన, చల్లవి 4 డిగ్రీల లోపు ఉండాలి. థర్మామీటర్ నేను తెస్తాను.

హాల్
కరెంటు సంగతి అందరూ చదవండి. మామూలు ప్లగ్గు వెనక 15 ఆంపియర్ల బ్రేకర్ ఉంటుంది, అంటే 1800 వాట్లు. గంటలకొద్దీ నడిచే వాటికి 1440 దాటకుండా చూసుకోవాలి. వంద కప్పుల టీ అర్న్ (నీళ్లు మరిగించే కరెంటు పాత్ర), పెద్ద రైస్ కుక్కర్ ఒక్కొక్కటే దాదాపు అంత లాగుతాయి. ఒకే గోడకున్న రెండు ప్లగ్గుల్లో పెడితే బ్రేకర్ పడిపోతుంది, అన్నం సగం ఉడికి ఆగిపోతుంది. ఏ ప్లగ్గు ఏ బ్రేకర్ మీదుందో శుక్రవారం చూసి రంగు టేపు అంటిస్తాను. ఒక్కో రంగుకు ఒక్కటే వస్తువు. అర్న్‌లో నీళ్లు మరగడానికి గంట పైనే పడుతుంది, 11 గంటలకే పెట్టండి.

కోట్లు: మీటరున్నర స్టాండుకు లావుపాటి కోట్లు ఇరవైకి మించి పట్టవు. ఆరు స్టాండ్లు కావాలి, నాలుగున్నాయి. గుమ్మం దగ్గర బూట్ల ట్రేలు, లోపల వేసుకోవడానికి ఎవరి చెప్పులు వాళ్లు తెచ్చుకోవాలి. బూట్ల నుంచి కారిన నీళ్లలో సాక్సులు తడిస్తే పిల్లలు పంక్తిలో కూర్చోలేరు. నేల చల్లగా ఉంటుంది, జంపఖానాల కింద ఫోమ్ చాపలు వేద్దాం. మోకాళ్ల నొప్పులవాళ్లకు మూడు బల్లలు.

అరిటాకులు గడ్డకట్టిన ప్యాకెట్లలో వస్తాయి. గడ్డగా ఉండగా విప్పితే ఈనెల వెంట చీలిపోతాయి. శనివారం ఉదయం ఫ్రిజ్‌లోకి మార్చి, రాత్రి వేడినీళ్లలో కడిగి తుడవండి. ఆకులు, మిగిలిన అన్నం గ్రీన్ బిన్‌లోకి (తడి చెత్త డబ్బా). మిగతా చెత్త ఇళ్లకు తీసుకెళ్దామనుకోకండి, నగరం చెత్తబండి వాళ్లు రెండు వారాలకోసారి ఇంటికి మూడు మూటలే తీసుకుంటారు కదా. హాల్ డబ్బాలోనే వేయడానికి అనుమతి అడిగాను.

దీపాలు
హాల్ లోపల మంట వద్దు. 365 వత్తుల కట్ట వెలిగిస్తే పొగకు అలారం మోగుతుంది, 120 మందీ కోట్లు లేకుండా బయటికి పరిగెత్తాలి. దీపాలన్నీ వెనక ఆవరణలో, గోడకూ తలుపుకూ దూరంగా. దీనికి హాల్ వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుంటున్నాం.

నెయ్యి ఆ చలికి గిన్నెలోనే పేరుకుపోతుంది. వత్తి కొస కాసేపు వెలిగి, కిందనుంచి నెయ్యి అందక ఆరిపోతుంది. నువ్వుల నూనె వాడండి. పేరుకు చెంచా నెయ్యి కలిపితే చాలు. వత్తులు ముందురాత్రే నూనెలో నానాలి. లోతైన ట్రేలలో రెండంగుళాల ఇసుక పోసి అందులో ప్రమిదలు గుచ్చితే గాలికి కదలవు, ట్రే అంచే గాలికి అడ్డు. ఇసుక కోసం హార్డ్‌వేర్ దుకాణాల్లో మంచు మీద చల్లడానికి అమ్మే మూటలు రెండు కావాలి.

గ్యాస్ లైటర్ చలికి సరిగా పనిచేయదు, లోపలి గ్యాసు సరిగా ఆవిరి కాదు. పొడుగాటి అగ్గిపుల్లలు తెండి. ముఖ్యమైన జాగ్రత్త: మనం వేసుకునే ఉబ్బు జాకెట్ల పైగుడ్డ నైలాన్, నిప్పు సెగకే కరిగి చేతికి అంటుకుంటుంది. వెలిగించే నలుగురూ ఉన్ని కోట్లు వేసుకోండి, పమిట లోపలికి దోపుకోండి. పిల్లలు రెండడుగుల దూరంలో గీసిన గీత దాటకూడదు.

ఉసిరికాయ దీపాలకు గడ్డకట్టిన కాయలు కొనొద్దు. కరిగాక లోపల నీరు ఊరి, వత్తి చిటపటలాడి ఆరిపోతుంది. పచ్చికాయల కోసం ఇండియన్ దుకాణంలో ఈ వారమే చెప్పి పెట్టండి. అవి దొరక్కపోతేనే గడ్డకట్టినవి తెచ్చి, సగం గడ్డగా ఉండగానే పైముక్క కోసి, గుజ్జు తోడి, బట్ట మీద బోర్లించి రాత్రంతా ఆరబెట్టండి.

ప్రశ్న
ఉసిరి చెట్టు ఎలాగూ లేదు, మా ఇంటి తులసి కుండీ తెస్తే పూజకు పనికొస్తుందా?

దీపాలు
తప్పకుండా తెండి. కారును పది నిమిషాలు ముందే వేడి చేసి, కుండీని పొడుగాటి అట్టపెట్టెలో పెట్టి పైన దుప్పటి కప్పండి. గుమ్మం నుంచి కారు దాకా తగిలిన చలిగాలికే ఆకులు మర్నాటికి నల్లబడతాయి. పూజ హాల్ లోపలే, తులసిని బయటికి తేవద్దు.

రవాణా
ఆదివారం బస్సులు తక్కువ. విద్యార్థులు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు పికప్ కావాలంటే గురువారం లోపు చెప్పండి. ఇక్కడ చలికాలపు టైర్లు చట్టం అడగకపోయినా, 7 డిగ్రీల కిందికి వెళితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. పెద్దవాళ్లను ఎక్కించుకునే కార్లకు చలికాలపు టైర్లు ఉండాలి. నది అవతల క్యూబెక్ రాష్ట్రంలోని గాటినో నుంచి వచ్చేవాళ్లకు డిసెంబర్ 1 నుంచి ఎలాగూ తప్పనిసరే కాబట్టి, రెండు వారాలు ముందే మార్పించుకోండి.

మధ్యాహ్నం కరిగిన నీళ్లు సందెకు గాజుపొరలా గడ్డకడతాయి. తారు రంగే కనిపిస్తుంది, మంచు కనిపించదు. 3:30కి పార్కింగ్ నుంచి వెనక ఆవరణ దాకా ఉప్పు, దాని మీద ఇసుక చల్లాలి. ఇద్దరు కావాలి. సాక్సుల మీద చెప్పులు వేసుకున్న పెద్దవాళ్లను చేయి పట్టుకుని నడిపించడానికి మరో ఇద్దరు.

సమన్వయం
అయితే ఇసుక మూటలు రెండు కాదు, మూడు. ఇంకా రెండు కోట్ల స్టాండ్లు, ఉప్పు చల్లడానికి ఇద్దరు, చేయందించడానికి ఇద్దరు కావాలి. ఎవరు తీసుకుంటారో ఇక్కడే రాయండి.