పాత స్టెయర్ ఎల్‌పీ10 ఎయిర్ పిస్టల్ కొనొచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పదో తరగతి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ నేర్చుకుంటోంది. 2024లో పారిస్‌లో మనూ భాకర్ పతకాలు గెలవడం చూసి మొదలుపెట్టింది, ఇంకా అదే పట్టుదలతో ఉంది. ఇన్నాళ్లూ క్లబ్ పిస్టల్‌తోనే నెట్టుకొచ్చాం. దాని గ్రిప్ పెద్దవాళ్ల చేతికి చేసింది. మ్యాచ్‌లో 60 షాట్లు కొట్టాలి, సగం అయ్యేసరికే తనకు మణికట్టు లాగేస్తోంది.

హైదరాబాద్‌లోనే ఆట మానేసిన ఒకాయన తన స్టెయర్ ఎల్‌పీ10 అమ్ముతున్నారు. కొత్తదాని ధరలో సగం కూడా అడగడం లేదు. వెళ్లి చూశాం. ఎంత శ్రద్ధగా వాడారో! బ్యారెల్ మీద ఒక్క గీత లేదు, పెట్టెలో అలెన్ కీలతో సహా వేటి చోట అవి ఉన్నాయి. గ్రిప్‌కి మాత్రం బొటనవేలు ఆనే చోట పుట్టీ పెట్టి తన చేతికి తగ్గట్టు అరగదీసుకున్నారు.

నా టెన్షన్ అంతా గాలి సిలిండర్ గురించే. దాని మీద 2014 అని చెక్కి ఉంది. 200 బార్ ఒత్తిడితో గాలి నింపే వస్తువు, పదేళ్లు దాటితే వాడొద్దంటున్నారు కోచ్ గారు. రోజూ నింపేది పిల్లే కాబట్టి ఇందులో రాజీ పడలేను. కొత్త సిలిండర్ మన దగ్గర దొరుకుతుందా, ఎంతవుతుంది? గాలి కారకుండా ఆపే సీళ్లు మార్చే నమ్మకమైన మెకానిక్ ఉన్నారా? చిన్న సైజు గ్రిప్ విడిగా తెప్పించుకోవచ్చా? ట్రిగ్గర్ బరువు, అంటే దాన్ని నొక్కడానికి పట్టే బలం, 500 గ్రాములకు తగ్గకూడదు కదా, డబ్బు ఇచ్చేముందు రేంజ్‌లో తూచి చూపించమని అడగొచ్చా? చేతులు మారేటప్పుడు ఏ కాగితాలు రాయించుకోవాలి?

ఆయన ఆదివారం దాకా ఆగుతానన్నారు.